మధ్యలో నిలబడేవాడు: అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో హైబ్రిడ్ డిఫెన్స్

(ఉత్తర టెక్సస్‌లోని ఒక లైబ్రరీలో తెలుగు తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే, పిల్లల్ని సంగీతం క్లాసుకీ కూచిపూడి క్లాసుకీ దించి రావాల్సిన వేళలో ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ఈ బల్ల మీద నేను పేర్చబోయేవి దగ్గర్నుంచి చూస్తేనే బాగా అర్థమవుతాయి.

ఈ ప్రసంగానికి కారణం ముందు వరసలో కూర్చున్న ఒక అక్క. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. పోయిన నెల గుడి దగ్గర కనబడి, "తమ్ముడూ, మావాడు హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరాడు. ఏ పొజిషన్‌రా అంటే సరిగ్గా చెప్పడు. కోచ్‌ని అడిగితే, సేఫ్టీగా పెట్టడానికి కాస్త లావు, లైన్‌బ్యాకర్‌గా పెట్టడానికి కాస్త సన్నం, అందుకని మధ్యలో పెట్టాం అన్నాడు. వీడు రెంటికీ చెడ్డ రేవడి అయిపోతున్నాడా ఏమిటి?" అన్నారు.

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. ఎందుకంటే అక్కా, గత ఇరవై పాతికేళ్లుగా కాలేజీ కోచ్‌లు దేశమంతా తిరిగి వెతుక్కుంటున్నది సరిగ్గా మీవాడిలాంటి కుర్రాణ్నే. డిఫెన్స్ మొత్తాన్ని అలాంటి ఒక్క మనిషి చుట్టూ అల్లుతున్నారు. అది ఎందుకో, ఎలాగో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

నేను కోచ్‌ని కాను. అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివాను. ఏమ్స్ ఊళ్ళో నవంబర్ చలికి వణుకుతూ జాక్ ట్రైస్ స్టేడియంలో కూర్చుని ఈ ఆట నేర్చుకున్నాను. ఆ స్టేడియం పేరు వెనక ఒక కథ ఉంది, రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. జాక్ ట్రైస్ ఆ కాలేజీ తరఫున ఆడిన మొట్టమొదటి నల్లజాతి క్రీడాకారుడు. 1923 అక్టోబర్‌లో మిన్నెసోటాతో ఆటలో తగిలిన దెబ్బలతో రెండు రోజులకే చనిపోయాడు. స్టేడియానికి పూర్తిగా అతని పేరు పెట్టడానికి 1997 దాకా పట్టింది. అక్కడ కూర్చున్న ప్రతిసారీ ఆ కుర్రాడు గుర్తొచ్చేవాడు. చదువయ్యాక ఉద్యోగం ఇటు లాక్కొచ్చింది. ఇప్పుడు ఫోర్ట్‌వర్త్‌కి దగ్గర్లో ఉంటున్నాను, అంటే టీసీయూ, టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ ఊరు. నేను చెప్పబోయే కథలో సగం ఏమ్స్‌లో జరిగింది, సగం ఫోర్ట్‌వర్త్‌లో.

సరే, బల్ల చూడండి. తెల్ల గ్లాసులు పదకొండు, ఇది ఆఫెన్స్, బంతి వీళ్ళది. ఎర్ర గ్లాసులు పదకొండు, ఇది డిఫెన్స్. ఈ వేరుశనక్కాయ బంతి. ఆకారం కూడా కలిసింది కదా. ఆఫెన్స్‌కి నాలుగు అవకాశాలుంటాయి, ఒక్కో అవకాశాన్నీ కూడా ఆట అనే అంటాను, ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు, వెళ్ళలేకపోతే బంతి అవతలివాళ్ళది. ఇంతవరకూ మీ అందరికీ తెలుసు.

ఈ ఐదు తెల్ల గ్లాసుల్ని పక్కపక్కన పెడుతున్నాను. వీళ్ళు లైన్‌మెన్. ఒక్కొక్కడూ 300 పౌన్లుంటాడు, అంటే 136 కిలోల మనిషి. ఐదుగురి మధ్య నాలుగు సందులు, రెండు చివర్లా రెండు, మొత్తం ఆరు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు వీటిలో ఏదో ఒక సందులోంచే రావాలి. చివర్లో టైట్ ఎండ్ అనే ఆరో బండమనిషిని నిలబెడితే ఏడో సందు పుడుతుంది. డిఫెన్స్ మొదటి సూత్రం ఇదే: ప్రతి సందుకీ ఒక కాపలాదారు. అందుకే పాతకాలం డిఫెన్స్ 4-3 అయినా 3-4 అయినా కూడితే ఏడే. ముందు పోట్లాడే లైన్‌మెన్, వాళ్ళ వెనక లైన్‌బ్యాకర్లు కలిపి ఏడుగురు. మిగిలిన నలుగురు వెనకాల పాస్‌లు చూసుకునేవాళ్ళు, ఇద్దరు కార్నర్లు, ఇద్దరు సేఫ్టీలు. ఏడు సందులకి ఏడుగురు. లెక్క సరిపోయింది. దశాబ్దాల పాటు సరిపోయింది.

ఆ లెక్కని చెడగొట్టింది పెద్ద కాలేజీలు కావు. 1989లో అయోవా రాష్ట్రంలోనే, మౌంట్ ప్లెజంట్ అనే ఊళ్ళో అయోవా వెస్లియన్ అని చిన్న కాలేజీ ఉండేది. అక్కడ హాల్ మమ్మీ కోచ్‌గా, మైక్ లీచ్ ఆయన సహాయకుడిగా చేరారు. వాళ్ళు పెంచి పోషించిన ఆఫెన్స్‌కి తర్వాత ఎయిర్ రెయిడ్ అని పేరొచ్చింది. పాస్‌లు పట్టే రిసీవర్లని మైదానం వెడల్పంతా పరిచేసి, పొద్దస్తమానం పాస్‌లే విసరడం. దాదాపు అదే కాలంలో వెస్ట్ వర్జీనియాలో గ్లెన్‌విల్ స్టేట్ అనే మరో చిన్న కాలేజీలో రిచ్ రాడ్రిగెజ్ బంతి అందుకుని పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ చేతే పరుగు తీయించే కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఆ అయోవా వెస్లియన్ కాలేజీ 2023లో మూతబడింది. కాలేజీ పోయింది, అక్కడ మొలిచిన ఆట మాత్రం ప్రతి శనివారం దేశమంతా కనిపిస్తూనే ఉంది.

వాళ్ళు చేసిందేమిటో గ్లాసుల్లో చూద్దాం. టైట్ ఎండ్‌ని తీసేశాను. నలుగురు రిసీవర్లని, చూడండి, బల్ల ఈ చివర ఇద్దరు, ఆ చివర ఇద్దరు. మరి ఎర్ర గ్లాసుల్లో ఈ లైన్‌బ్యాకర్ సంగతేమిటి? 230 పౌన్ల మనిషి. సందులో నిలబడి గుద్దుకోవడానికి పుట్టినవాడు. ఇప్పుడితను 180 పౌన్ల చిరుతలాంటి రిసీవర్ వెంట పరిగెత్తాలి. బయటికి వెళ్ళాడా, వదిలిపెట్టిన సందులోంచి పరుగొస్తుంది. లోపలే ఉన్నాడా, రిసీవర్ ఒంటరిగా దొరుకుతాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

తర్వాత ఇంకో అడుగు ముందుకేశారు. ఆర్‌పీఓ, అంటే రన్-పాస్ ఆప్షన్ అంటారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, వదలకుండా ఒక్క లైన్‌బ్యాకర్ కళ్ళల్లోకి చూస్తాడు. అతను ముందుకొస్తే అతని వెనక ఖాళీలోకి పాస్. వెనక్కి తగ్గితే బంతి వదిలేస్తాడు, పరుగు. లైన్‌బ్యాకర్ ఏం చేసినా తప్పే. ఇది కాలేజీ ఆటలో బాగా చెల్లడానికి ఒక నియమం సాయపడింది. పాస్ విసిరే ముందు లైన్‌మెన్ కాలేజీ ఆటలో 3 గజాల దాకా ముందుకెళ్ళొచ్చు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక గజమే. అంటే కాలేజీలో లైన్‌మెన్‌ని చూసి ఇది పరుగా, పాసా అని పోల్చుకోవడం కుదరదు.

మైదానం కొలత కూడా చూడండి, ఇది చాలామంది గమనించరు. వెడల్పు 160 అడుగులు. కాలేజీ మైదానంలో హాష్ మార్కులు ఒక్కోటి పక్క గీతకి 60 అడుగుల దూరంలో ఉంటాయి, మధ్యలో 40 అడుగులు. బంతి ఎడమ హాష్ మీద ఉందనుకోండి, ఎడమ పక్క 60 అడుగులు, కుడి పక్క 100 అడుగులు. ఆ 100 అడుగుల వైపు ఎవరిని పెట్టాలి? పరిగెత్తలేని లైన్‌బ్యాకర్‌ని పెడితే చెరువుకి గండి పడ్డట్టే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హాష్‌లు మధ్యకి దగ్గరగా ఉంటాయి, ఈ బాధ అంతగా లేదు. అందుకే ఈ మధ్యమనిషి అవసరం ముందు కాలేజీల్లోనే గట్టిగా తెలిసొచ్చింది.

మరి రిసీవర్లు ఎక్కువ దిగినప్పుడు లైన్‌బ్యాకర్‌ని బయటికి పంపి చిన్నవాణ్ని దింపొచ్చు కదా అంటారు. దింపేవాళ్ళు. దాన్ని నికెల్ అంటారు, ఐదుగురు వెనకాల ఉండే డిఫెన్స్. అయితే ఆఫెన్స్ మనుషుల్ని మారిస్తేనే డిఫెన్స్‌కి మార్చుకునే వ్యవధి ఇవ్వాలని నియమం. వాళ్ళు మార్చకుండా, గుమిగూడి మాట్లాడుకోకుండా, గబగబా వచ్చి వరసలో నిలబడిపోతే? మనవాడు బయటికి పరిగెత్తేలోపు బంతి కదిలిపోతుంది, మైదానంలో పన్నెండో మనిషి ఉన్నాడని మనకే శిక్ష. కాబట్టి మార్చక్కర్లేని మనిషి కావాలి. పరుగొస్తే సందులో నిలబడగలగాలి, పాసొస్తే రిసీవర్ వెంట పోగలగాలి. అవతలివాళ్ళు ఏ మనుషుల్ని దింపినా అతను మైదానంలోనే ఉండాలి.

అదీ అక్కా, మీవాడి చోటు. ఒక్కో కాలేజీలో ఒక్కో పేరు. అలబామాలో స్టార్ అన్నారు. మిషిగన్‌లో డాన్ బ్రౌన్ కోచ్‌గా ఉన్నప్పుడు వైపర్ అన్నారు. 2016లో జబ్రిల్ పెపర్స్ ఆ చోట ఆడి, డిఫెన్స్ ఆటగాడయ్యుండి మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీకి ఫైనలిస్ట్ అయ్యాడు. క్లెమ్సన్‌లో ఐజయా సిమన్స్ 2019లో ఒక ఆటకి సేఫ్టీగా, మరో ఆటకి లైన్‌బ్యాకర్‌గా, ఇంకోసారి అంచున నిలబడి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడిగా ఆడాడు. ఆ ఏడు దేశంలోనే మేటి లైన్‌బ్యాకర్‌కి ఇచ్చే బట్‌కస్ అవార్డు అతనికే వచ్చింది. ఏ పెట్టెలో పెట్టాలో తెలియని కుర్రాడికి ఒక పెట్టె పేరుతో బహుమానం ఇచ్చారు.

ఇక ఫోర్ట్‌వర్త్‌కి వద్దాం. గ్యారీ ప్యాటర్సన్ టీసీయూకి 1998లో డిఫెన్స్ కోచ్‌గా వచ్చి, 2000 చివర్లో హెడ్ కోచ్ అయ్యాడు. ఆయన 4-2-5 ఆడించాడు. ముందు నలుగురు, ఇద్దరు లైన్‌బ్యాకర్లు, వెనక ఐదుగురు. ఆ ఐదుగురిలో ముగ్గురు సేఫ్టీలు. ఎవరో నాలుగో రిసీవర్‌ని దింపినప్పుడు మాత్రమే ఐదో మనిషిని పెట్టడం కాదు, మొదటి ఆట నుంచి చివరి ఆట దాకా అదే అమరిక.

ప్యాటర్సన్ పనితనంలో నాకు బాగా నచ్చింది మైదానాన్ని నిలువునా రెండుగా కోసిన తీరు. చూడండి, ఈ దారాన్ని బల్ల మధ్యన పరుస్తున్నాను. దారానికి ఇవతల ఒక కార్నర్, ఇద్దరు సేఫ్టీలు. అవతల ఒక కార్నర్, ఒక సేఫ్టీ. ఇవతల సగం తనకి ఎదురుగా ఎంతమంది రిసీవర్లున్నారో చూసుకుని తన కాపలా తానే నిర్ణయించుకుంటుంది. అవతల సగం ఏం ఆడుతోందో వీళ్ళకి తెలియక్కర్లేదు. ముందున్న నలుగురు లైన్‌మెన్, లైన్‌బ్యాకర్ల పిలుపు మళ్ళీ వేరు. ఆఫెన్స్ బంతి కదిలే ముందు ఒక రిసీవర్‌ని ఇటు నుంచి అటు పంపి గందరగోళం చేద్దామనుకుంటే, వెనకున్నవాళ్ళు మాత్రం తమ మాట మార్చుకుంటారు, ముందున్న ఆరుగురు కదలక్కర్లేదు.

ఎందుకింత సులువు చేశాడు? వీళ్ళు విద్యార్థులు. సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ఆట పనులు చేయించకూడదని కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నియమం. పందొమ్మిదేళ్ళ కుర్రాడు పొద్దున ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుని సాయంత్రం వచ్చి నేర్చుకోవాలి. పెద్ద పుస్తకం ఇస్తే మైదానంలో ఆలోచిస్తూ నిలబడిపోతాడు. ఆలోచిస్తున్నవాడు పరిగెత్తలేడు. చిన్న చిన్న ముక్కలుగా నేర్పితే, ఆ ముక్కల్ని కలిపి అవతలి క్వార్టర్‌బ్యాక్‌కి వంద రకాలుగా కనిపించేట్టు చేయొచ్చు. చూసేవాడికి చిక్కుముడి, ఆడేవాడికి సులువు. మంచి డిఫెన్స్ అంటే నా లెక్కలో ఇదే.

మనుషుల్ని ఎంచుకోవడంలోనూ ఆయన దారి వేరు. హైస్కూల్లో రన్నింగ్ బ్యాక్‌గా ఆడిన జెర్రీ హ్యూస్‌ని డిఫెన్సివ్ ఎండ్, అంటే లైన్ చివర నిలబడేవాణ్ని చేశాడు. ఆ కుర్రాడు 2009లో టెడ్ హెండ్రిక్స్ అవార్డు తెచ్చుకున్నాడు. ముందు వేగం ఉన్నవాణ్ని తీసుకో, తర్వాత వాడికి చోటు వెతుకు. టెక్సస్‌లో మేటి కుర్రాళ్ళంతా ఆస్టిన్‌కో ఇంకో పెద్ద పేరున్న చోటికో వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళలో సరిగ్గా ఏ కొలతకీ సరిపోని వాళ్ళని ఏరుకుని కట్టిన డిఫెన్స్ ఇది. 2010లో టీసీయూ ఆడిన 13 ఆటలూ గెలిచింది. ఆఖరుది 2011 జనవరి 1న రోజ్ బౌల్, ఎదుట విస్కాన్సిన్. విస్కాన్సిన్ అంటే కొండల్లాంటి లైన్‌మెన్. ఆఖర్లో 21-19 అయింది, రెండు పాయింట్ల కోసం పాస్ విసిరితే సమం. ట్యాంక్ కార్డర్ అనే లైన్‌బ్యాకర్ క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్ళాడు. మధ్యలో అడ్డుకున్నారు. మామూలుగా అయితే అక్కడే తోసుకుంటూ ఉండిపోతారు. ఇతను క్వార్టర్‌బ్యాక్ చెయ్యి పైకి లేవడం చూసి, తోపులాట మానేసి, ఉన్నచోటే పైకెగిరి బంతిని చేత్తో కొట్టేశాడు. అరక్షణం ముందు దాడి చేస్తున్న మనిషి అరక్షణం తర్వాత పాస్‌కి కాపలా అయ్యాడు. టీసీయూ గెలిచింది. వీలైతే ఇంటికెళ్ళి ఆ ఒక్క ఆట చూడండి.

ఇక మా ఏమ్స్ సంగతి. అయోవా స్టేట్ పేదింటి పిల్లలాంటిది. అది ఆడే బిగ్ 12 అనే కాలేజీల కూటమిలో అందరూ పాస్‌ల వాన కురిపిస్తున్న రోజులు. అప్పుడు అక్కడ మ్యాట్ క్యాంప్‌బెల్ హెడ్ కోచ్, జాన్ హీకాక్ డిఫెన్స్ కోచ్. 2017 సీజన్‌లో హీకాక్ కొత్త అమరిక దింపాడు. బల్ల ఖాళీ చేస్తున్నాను, ఇది నెమ్మదిగా చూడాలి.

ముందు ముగ్గురే. ఒకడు సరిగ్గా బంతికి ఎదురుగా. మిగిలిన ఇద్దరూ బయట నిలబడకుండా, అవతలి చివరి లైన్‌మెన్ లోపలి భుజానికి ఎదురుగా, మధ్యకి జరిగి. దీన్ని టైట్ ఫ్రంట్ అంటారు. మధ్యలో సందులన్నీ ఇరుకైపోయాయి చూశారా? పరిగెత్తేవాడికి లోపల దారి దొరక్క బయటికి తిరుగుతాడు. బయట చురుకైనవాళ్ళు కాచుకుని ఉంటారు. వాళ్ళ వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు. ఇద్దరు కార్నర్లు. ఇక్కడిదాకా ఎనిమిది. మిగిలిన మూడు గ్లాసులూ సేఫ్టీలు. ముగ్గుర్నీ వెనక, పది పన్నెండు గజాల దూరంలో, ఒకడు ఎడమ, ఒకడు కుడి, ఒకడు సరిగ్గా మధ్యలో.

ఈ మధ్యవాడి మీద వేలు పెడుతున్నాను. డిఫెన్స్ ప్రాణం ఇక్కడుంది.

క్వార్టర్‌బ్యాక్‌కి చిన్నప్పటి నుంచి నేర్పేదేమిటంటే, బంతి అందుకునే ముందు సేఫ్టీల్ని లెక్కపెట్టమని. వెనక ఒక్కడుంటే ఒక రకం కాపలా, ఇద్దరుంటే ఇంకో రకం. దాన్నిబట్టి ఏ రిసీవర్ ఖాళీగా ఉంటాడో ముందే లెక్క కట్టుకుంటాడు. ఇప్పుడు ముగ్గురున్నారు. ఇది ఒకటి కిందికొస్తుందా, రెండు కిందికొస్తుందా? బంతి కదిలే దాకా తెలియదు. కదిలాక ఈ మధ్యవాడు ముందుకి దూకి నాలుగో లైన్‌బ్యాకర్ అయిపోవచ్చు. వెనక్కి పరిగెత్తి లోతు కాపలా కాయొచ్చు. ఉన్నచోటే నిలబడి, ఆర్‌పీఓలో ఏ ఖాళీలోకి పాస్ విసురుతారో ఆ ఖాళీలోనే కూర్చోవచ్చు. ఒకే బొమ్మ, లోపల నాలుగైదు కథలు.

పరుగొచ్చినప్పుడు ఇంకో తమాషా ఉంది. లైన్‌మెన్ ఆటకి ముందే పంచుకుంటారు, నువ్వు వీణ్ని అడ్డుకో, నేను వాణ్ని అడ్డుకుంటా అని. పది గజాల దూరంలో ఉన్నవాణ్ని ఎవరూ పంచుకోరు. అతను పరుగెత్తుకుంటూ సందులోకి వచ్చేసరికి అడ్డుకునే దిక్కుండదు. ఆరుగురితో పరుగుని ఆపుతున్నట్టు కనిపిస్తుంది, ఏడోవాడు దారిలో ఉంటాడు. ఆ ఏడోవాడి మీద నమ్మకంతో లైన్‌బ్యాకర్ కంగారుపడి ముందుకి దూకడు. క్వార్టర్‌బ్యాక్ ఎవరి కళ్ళల్లోకి చూసి నిర్ణయించుకోవాలో ఆ మనిషి కదలడు. ప్రశ్న అడిగినవాడికే జవాబు దొరకదు.

మన చెడుగుడు ఆడినవాళ్ళు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. కూతకొచ్చినవాడు లోపలికి వస్తుంటే చేతులు పట్టుకున్న జంట ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది. ఎవడు కాలు పడతాడో, ఎవడు దారి మూస్తాడో వాడికి తెలియకూడదు. మా ఊళ్ళో సంక్రాంతి పోటీల్లో మంచి కవర్ ఆటగాడు ఆఖరి క్షణం దాకా ఆసక్తి లేనట్టే నిలబడేవాడు. కూతకొచ్చినవాడు ఒక్క అడుగు ఎక్కువ వేయగానే మీద పడేవాడు. ఈ మధ్య సేఫ్టీని చూసినప్పుడల్లా నాకు ఆ మనిషే కనిపిస్తాడు.

2017 అక్టోబర్ 7. నార్మన్‌లో ఓక్లహోమాతో ఆట. ఓక్లహోమా దేశంలో 3వ ర్యాంకు, క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్, ఆ ఏడు హైస్‌మన్ అతనిదే. అయోవా స్టేట్ 31 పాయింట్ల తేడాతో ఓడుతుందని లెక్కలు కట్టారు. మా ఇంట్లో టీవీ ముందు నేనూ మా అబ్బాయీ. ఆ జట్టులో జోయెల్ లానింగ్ అనే కుర్రాడున్నాడు. అంతకు ముందు ఏడాది దాకా క్వార్టర్‌బ్యాక్. చోటు పోయింది. చాలామంది అలాంటప్పుడు ఇంకో కాలేజీకి వెళ్ళిపోతారు. ఇతను ఉండిపోయి మధ్య లైన్‌బ్యాకర్ అయ్యాడు. ఆ రోజు డిఫెన్స్‌లో ఆడాడు, కొన్ని ఆటలకి మళ్ళీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. "నాన్నా, అతనే ఇటూ అటూ ఆడుతున్నాడేంటి?" అని మావాడు నోరెళ్ళబెట్టాడు. పాస్ ఎలా విసురుతారో చేతులతో తెలిసినవాడు కాపలా కాస్తున్నాడు. మొదటి సగంలో 24 పాయింట్లు చేసిన ఓక్లహోమా రెండో సగంలో 7 చేసింది. 38-31తో మావాళ్ళు గెలిచారు. ఆ రోజు మొదటిసారి ఆరంభం నుంచి క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన కైల్ కెంప్ట్ ఆఖర్లో విసిరిన పాస్‌ని అలెన్ లాజార్డ్ పట్టిన పట్టు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

31 ఇచ్చారు కదా, అది గొప్పా అనొచ్చు. సరే, మూడు వారాల తర్వాత అక్టోబర్ 28. ఏమ్స్‌లో ఎదుట ఎవరు? ప్యాటర్సన్ టీసీయూ, 4వ ర్యాంకు, అప్పటికి ఓటమి లేదు. 14-7. ఆ 7 కూడా మావాళ్ళు తన్నిన కిక్‌ఆఫ్ బంతిని పట్టుకుని పరిగెత్తితే వచ్చిందే. టీసీయూ ఆఫెన్స్ ఒక్క పాయింట్ కూడా చేయలేదు. వెనక ముగ్గురు సేఫ్టీల్ని పెట్టి పేరు తెచ్చుకున్న గురువు, ముగ్గురు సేఫ్టీల్ని ఇంకోలా పెట్టిన డిఫెన్స్ చేతిలో ఓడిపోయాడు. నేను ఫోర్ట్‌వర్త్‌లో ఉంటూ ఏమ్స్ గెలిచినందుకు సంబరపడ్డాను. నా ఇరుగుపొరుగు క్షమించారు.

చెప్పండి బాబాయ్ గారూ. అవును, గట్టిగా అడగండి. బాబాయ్ గారు అడుగుతున్నారు, ముందు ముగ్గురే ఉంటే క్వార్టర్‌బ్యాక్‌కి బోలెడంత సమయం దొరుకుతుంది కదా, దగ్గర పాస్‌లు ఐదేసి గజాలు ఇచ్చుకుంటూ పోతే ఏం లాభం అని.

సరైన ప్రశ్న. ఇది ఊరికే వచ్చే డిఫెన్స్ కాదు, ఖరీదు కట్టాల్సిందే. ఐదు గజాలు ఇస్తారు. కావాలనే ఇస్తారు. ఒక్క దెబ్బకి అరవై గజాలు మాత్రం ఇవ్వరు. ఆఫెన్స్ ఐదేసి గజాల చొప్పున 75 గజాలు నడవాలంటే పదిహేను ఆటలు ఆడాలి. అన్ని ఆటల్లో కాలేజీ కుర్రాళ్ళు ఎక్కడో ఒకచోట పాస్ జారవిడుస్తారు, ఎవడో ముందే కదిలి పెనాల్టీ తెస్తాడు, విసుగొచ్చి క్వార్టర్‌బ్యాక్ లేని దారిలోకి బంతి విసురుతాడు. దానికోసం కాచుకుని ఉండటం. అయితే ఇచ్చిన ఐదు గజాలు ఐదు దగ్గరే ఆగాలి. ఖాళీ మైదానంలో ఒంటరిగా మనిషిని పడగొట్టడం రావాలి. అది రాని జట్టు ఈ అమరిక ఆడితే ఐదు గజాలు యాభై అవుతాయి. నా మట్టుకు నేను చెప్పేది, దీన్ని బొమ్మ చూసి కాపీ కొట్టి దెబ్బతిన్న జట్లన్నీ ఇక్కడే పప్పులో కాలేశాయి. బొమ్మ కాగితం మీద వస్తుంది, పడగొట్టడం మంగళవారం ప్రాక్టీసులో రావాలి.

రెండో ఖరీదు ఇంకా పెద్దది. మన ఫోర్ట్‌వర్త్‌లోనే చూశాం. 2021లో ప్యాటర్సన్ వెళ్ళిపోయాక సానీ డైక్స్ వచ్చాడు. ఈయన మైక్ లీచ్ దగ్గర పనిచేసిన మనిషి, ఎయిర్ రెయిడ్ ఇంటి బిడ్డ. డిఫెన్స్‌కి టల్సా నుంచి జో గిలెస్పీని తెచ్చుకున్నాడు, అతను 3-3-5 ఆడించేవాడు. తనని ఏ డిఫెన్స్ ఎక్కువ ఇబ్బంది పెట్టిందో దాన్నే ఇంటికి తెచ్చుకున్నాడని నా ఊహ. 2022 డిసెంబర్ 31న ఫియెస్టా బౌల్‌లో మిషిగన్‌ని 51-45తో కొట్టారు. 45 ఇచ్చారు నిజమే, కానీ రెండుసార్లు డిఫెన్స్‌వాళ్ళే పాస్ లాక్కుని టచ్‌డౌన్ దాకా పరిగెత్తారు. తర్వాత 2023 జనవరి 9న జాతీయ ఛాంపియన్‌షిప్. జార్జియా చేతిలో 65-7.

ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. ఒక్క అమరికనే తప్పుపట్టడం న్యాయం కాదు, జార్జియా ప్రతి చోటా పెద్దదీ, వేగమైనదీ. కానీ ఒక సంగతి చూడాలి. జార్జియా దగ్గర బ్రాక్ బవర్స్ అనే టైట్ ఎండ్ ఉన్నాడు. అదే, మనం మొదట్లో బల్ల మీంచి తీసేసిన ఆరో బండమనిషి. కాకపోతే ఇతను బండ కాదు. లైన్ పక్కన నిలబడితే అడ్డుకుంటాడు, అప్పుడు ఏడో సందు పుడుతుంది, ముగ్గురు లైన్‌మెన్ చాలరు. పోనీ అని బరువైనవాళ్ళని దింపితే, అతను బయటికెళ్ళి రిసీవర్‌లా పరిగెత్తుతాడు. ఆ ఒక్క రాత్రే అతను 152 గజాల పాస్‌లు పట్టాడు. చూశారా ఏమైందో? డిఫెన్స్ ఏ మంత్రం వేసిందో ఆఫెన్స్ అదే మంత్రం తిరిగి వేసింది. పరుగా, పాసా అని మనుషుల్ని చూసి చెప్పలేకుండా చేసింది. ఇప్పుడు డిఫెన్స్‌వాళ్ళు మళ్ళీ మధ్యమనిషిని ఇంకాస్త పొడుగు, ఇంకాస్త బరువు ఉన్నవాణ్ని వెతుక్కుంటున్నారు.

కాబట్టి అక్కా, మీవాడి కోచ్ "మధ్యలో పెట్టాం" అన్నాడంటే రెండు పనులు నేర్పుతున్నాడనుకోండి. ఒకటి, తనకన్నా యాభై పౌన్లు ఎక్కువున్నవాడు మీదికొస్తే భుజం ఎటు పెట్టాలి. రెండోది, తనకన్నా వేగమున్నవాడు పక్కనుంచి పోతుంటే వెనక్కి ఎలా తిరగాలి. ఈ రెండోది కాళ్ళ పని, ఇంటి దగ్గర కూడా నేర్చుకోవచ్చు. డ్రైవ్‌వేలో వెనక్కి పరిగెత్తి, చెప్పగానే తుంటి తిప్పి ముందుకి పరిగెత్తమనండి. మా అబ్బాయితో నేను చేయించాను. మొదటి వారం పడతాడు. మోచేతులకి ప్యాడ్లు వేయండి.

శుక్రవారం ఆటకి వెళ్తే అందరూ బంతిని చూస్తుంటారు. మీరు బంతి చూడకండి, మీవాడి పాదాలు చూడండి. బంతి కదలక ముందే మడమలు పైకి లేచాయంటే ఏం చేయబోతున్నాడో అవతలివాళ్ళకి చెప్పేసినట్టే. కదిలే దాకా నేలమీదే ఉన్నాయంటే వాడికి పని వచ్చేసినట్టే.

ఇప్పుడు లైట్లు తీసేయండి బాబూ, ఆ స్విచ్చి తలుపు పక్కన ఉంది. టీసీయూ, అయోవా స్టేట్ ఆట, 2017. ఒక్కో ఆట మూడుసార్లు వేస్తాను. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి బంతిని వదిలేసి మధ్య సేఫ్టీని చూడండి. మూడోసారి బంతి కదలకముందే ఆపుతాను, అతను ఎటు వెళ్తాడో మీరే చెప్పాలి. అక్కా, మొదటి జవాబు మీదే.